సుబ్బయ్య డాక్టరు దగ్గరికి వెళితే?

తెలుగు నవలలో భయపడే మనుషులకు కొదవ లేదు. మన నవల సాధించిన మంచి విజయాల్లో కొన్ని, భయపడే మనిషి లోపలికి దిగి చూసినందువల్లనే సాధ్యమయ్యాయి కూడా. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావు, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లోని దయానిధి, రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లోని సుబ్బయ్య, నవీన్ ‘అంపశయ్య’లోని రవి - ఈ నలుగురినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే, 1940ల నుంచి 1969 దాకా తెలుగు మధ్యతరగతి లోపల ఏం జరిగిందో చాలావరకు తెలుస్తుంది. విద్యార్థులు ఈ నవలలను ‘మనోవైజ్ఞానిక నవల’ అన్న శీర్షిక కింద చదువుతారు. చైతన్య స్రవంతి మీద రెండు పేజీలు, ఫ్రాయిడ్ ప్రభావం మీద ఒక పేజీ రాసి మార్కులు తెచ్చుకుంటారు. పరీక్ష అయిపోతుంది.

ఆ నలుగురిలో ఒక్కరికీ తమ బాధకు వైద్యం ఉంటుందేమోనన్న ఆలోచన రాదు. సీతారామారావు ఉన్న ఆస్తి పోగొట్టుకుని, ఉద్యోగంలో నిలవలేక, ఇంట్లోవాళ్లను హింసించి, చివరికి శ్మశానంలో చనిపోతాడు. అతనితో ఓపికగా మాట్లాడే రామయ్యతాత ఉన్నాడు గాని, ఆ మాటలు వాదనలుగానే మిగిలిపోతాయి. దయానిధి స్వయంగా డాక్టరు. తల్లి గురించి లోకం అన్న మాటలు అతన్ని జీవితమంతా వెంటాడతాయి. ఆ ముడిని అతడు తాత్త్విక ప్రశ్నగా మార్చుకుంటాడే గాని, చికిత్సకు లొంగే బాధగా చూడడు. రవి ఒక్క రోజులో, తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా, ఉస్మానియా హాస్టల్లో పడే యాతనంతా మనకు తెలుస్తుంది. అతని స్నేహితుల్లో ఒక్కడైనా ‘పద, డాక్టరుకి చూపిద్దాం’ అనడు.

భయాన్ని ఇంత బాగా రాయగలిగిన మనం భయానికి చేసే చికిత్సను ఎందుకు రాయలేదు, అలా రాయకపోవడం వల్ల ఎవరికి నష్టం జరుగుతున్నది - ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్నది ఇంతే.

ఈ లోపాన్ని ఆ నవలాకారుల ఖాతాలో వేయడం చరిత్ర తెలియని పని. సీతారామారావు కాలానికి మన దేశంలో మానసిక వైద్యమంటే ఎత్తయిన గోడ, ఇనుప గేటు. రావిశాస్త్రి బతికిన విశాఖపట్నంలో మానసిక వైద్యశాల అప్పటికే ఉంది గాని, అది ఉన్మాదం ముదిరినవాళ్లను తెచ్చి వదిలే చోటు. వేళకు ఆఫీసుకు పోతూ, జీతం ఇంటికి తెస్తూ, లోపల మాత్రం గజగజ వణుకుతూ బతికే గుమాస్తాకు అక్కడ పని లేదు. అలాంటివాడికి పనికొచ్చే చికిత్సలు ప్రపంచంలోనే అప్పుడప్పుడే పుడుతున్నాయి. భయపెట్టే వస్తువుకు మనిషిని మెల్లమెల్లగా అలవాటు చేసే పద్ధతి మీద జోసెఫ్ వోల్పే పుస్తకం వచ్చింది 1958లో. లిబ్రియం బిళ్ల 1960లో, వేలియం 1963లో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. ఆలోచనల తీరును పరీక్షకు పెట్టే చికిత్సను ఏరన్ బెక్ రూపొందించింది 1960లలో. ‘యాంగ్జయిటీ న్యూరోసిస్’ అన్న ఒకే పాత మూటను విప్పి, ఉన్నట్టుండి ముంచెత్తే భయం వేరు, రోజంతా సన్నగా కాలుతూ ఉండే ఆదుర్దా వేరు అని అమెరికన్ మనోవైద్యుల సంఘం విడదీసింది 1980లో. కాబట్టి 1950ల సుబ్బయ్యను డాక్టరు దగ్గరికి ఎందుకు పంపలేదని రావిశాస్త్రిని అడగలేం. లేని తలుపును పాత్రచేత తట్టించమని వాస్తవికతావాద రచయితను ఎవరూ కోరరు.

కాని ఈ రోజు ఆ తలుపు ఉంది. ఇరుకుగానో, దూరంగానో, ఖరీదుగానో ఉంది. ఉన్నా మన కథల్లోకి రావడం లేదు. వచ్చినా ‘ఎర్రగడ్డ’ అన్న ఎగతాళి మాటగా వస్తుంది, లేదా సినిమాలో కరెంటు షాకుగా వస్తుంది. దీనికి బాధ్యత విమర్శదే ఎక్కువని నా అభిప్రాయం.

భయపడే పాత్రను మన విమర్శ రెండు రకాలుగా చదువుతూ వచ్చింది. ఒక వర్గం విమర్శకులకు ఆ పాత్ర సున్నిత మనస్కుడు. మొరటు లోకంలో ఇమడలేని ఆత్మ. అతని నిద్రలేమి, గుండెదడ, తెగని ఆలోచన - ఇవన్నీ అతని లోతుకు గుర్తులు. రెండో వర్గం, అంటే అభ్యుదయ పక్షం, ఈ ముచ్చటను సరిగానే తిప్పికొట్టింది. అస్తిత్వ వేదనను మానవుడి శాశ్వత స్థితిగా చూపే ఆధునికవాదాన్ని 1950లలో లూకాచ్ ఎలా ఎండగట్టాడో మనకు తెలుసు. ఆ వేదన ఆకాశం నుంచి ఊడిపడలేదు, దానికి ఒక సమాజం ఉంది, ఒక కాలం ఉంది అన్నాడాయన. ఆ వెలుగులోనే మనవాళ్లు సుబ్బయ్య పిరికితనంలో గుమాస్తా వర్గపు ఊగిసలాటను, రవి యాతనలో పల్లె నుంచి విశ్వవిద్యాలయానికి వచ్చిన రైతు బిడ్డ ఇరకాటాన్ని చూశారు. అది మన విమర్శకు గొప్ప ముందడుగు అనడంలో సందేహం లేదు.

అయితే ఆ అడుగు అక్కడే ఆగిపోయింది. కారణం సమాజంలో ఉందని చెప్పిన తర్వాత, బాధపడుతున్న శరీరం ఒకటి మన ఎదుట మిగిలి ఉందన్న సంగతి పక్కకు పోయింది. మొదటి వర్గానికి భయం నగ, రెండో వర్గానికి భయం వర్గదోషం. నగను తీసేయమని ఎవరూ అనరు. దోషానికి మందు రాసేవారూ ఉండరు. ఈ రెండు చదువుల మధ్య పెరిగిన యువ రచయిత రాత్రి రెండు గంటలకు ఊపిరాడక లేచి కూర్చున్నప్పుడు అతని దగ్గర ఉండేవి రెండే ఆలోచనలు. ఇది తన కవిత్వానికి పెట్టుబడి అని ఒకటి. తాను గట్టివాడు కాడు, ఉద్యమానికి పనికిరాడు అని మరొకటి. డాక్టరుకు చూపించుకోవాలన్న మూడో ఆలోచన అతనికి సాహిత్యం ఇవ్వలేదు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే నేను, ఈ రెండు ఆలోచనలతోనే సంవత్సరాలు గడిపిన పిల్లలను చూశాను. వాళ్లలో మంచిగా రాయగలవాళ్లు ఉన్నారు. భయం వాళ్లచేత ఎక్కువ రాయించింది లేదు. చాలామంది రాయడం మానేశారు.

*

చికిత్స అంటే ఏమిటో తెలియకుండా దాన్ని సాహిత్య వస్తువు చేయాలనడం గాలిలో మాట అవుతుంది. నాకు తెలిసినంత మేరకు చెబుతాను. తెలియడానికి కారణం, ఆ బల్లకు అవతలి పక్కన నేను కూర్చోవడమే.

కొన్నేళ్ల క్రితం పాఠం చెబుతూ ఉండగా గుండె పరుగెత్తడం మొదలైంది. అరచేతులు చెమర్చాయి. తరగతి గది దూరంగా జరిగిపోతున్నట్టు అనిపించింది. పడిపోతానని, పిల్లల ముందే పోతానని గట్టి నమ్మకం కలిగింది. పది నిమిషాల్లో తగ్గింది. వారానికి మళ్లీ వచ్చింది. అందరిలాగే నేనూ ముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఇసిజి తీశారు, ఎకో తీశారు. ‘ఏమీ లేదు మాస్టారూ, టెన్షన్ తగ్గించుకోండి’ అన్నారు. టెన్షన్ ఎలా తగ్గించుకోవాలో ఆ చీటీలో లేదు. తర్వాత తెలిసినవాళ్ల సలహా మీద మందుల షాపులో ఒక నిద్రబిళ్ల కొనుక్కున్నాను. డాక్టరు చీటీ ఎవరూ అడగలేదు. ఆల్ప్రజోలం వంటి బిళ్లలను చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మిన ప్రతిదీ పుస్తకంలో రాయాలని 2014 నుంచి కచ్చితమైన నిబంధన ఉన్నా మన పేటల్లో జరిగేది ఇదే. ఆ బిళ్ల భయాన్ని అరగంటలో అణచగలదు. అందుకే దానికి మనిషి త్వరగా అలవాటు పడతాడు. కొద్ది వారాలకు మించి రోజూ వాడవద్దని, అలవాటు పడ్డాక ఒక్కసారిగా మానవద్దని వైద్యులు చెప్పేది ఇందుకే.

ఆ తర్వాత సర్కారు ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లాను. డాక్టరు ముందు థైరాయిడ్ పరీక్ష రాశారు. అది పెరిగినా ఇలాంటి దడే వస్తుందట. అది సరిగా ఉన్నాక రెండు దారులు చెప్పారు. ఒకటి రోజూ వేసుకునే మందు. అది నిద్రబిళ్ల జాతిది కాదు. పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో కడుపులో తిప్పుతుంది. బాగుందనిపించగానే సొంతంగా మానకూడదు. రెండోది మాటల చికిత్స. వారానికి ఒకసారి, పన్నెండు పదిహేను వారాలు కూర్చోవాలి. కొందరికి ఒకటి చాలు, కొందరికి రెండూ కావాలి.

మాటల చికిత్స అంటే ఎవరో ఓదారుస్తారనుకున్నాను. ఓదార్పు చాలా తక్కువ. కౌన్సెలర్ ఒక నోటుబుక్కు తెమ్మన్నారు. పేజీని నిలువునా గీతలు గీసి మూడు గడులు చేయించారు. మొదటి గడిలో: ఏం జరిగింది. రెండో గడిలో: అప్పుడు మనసు ఏం చెప్పింది. మూడో గడిలో: ఆ చెప్పినదానికి సాక్ష్యం ఏమిటి. ‘పాఠం మధ్యలో పడిపోతాను’ అని నా మనసు చెప్పింది. ఎన్నిసార్లు పడిపోయారు అని అడిగారు. ఒక్కసారి కూడా లేదు. భయం పుట్టిన ప్రతిసారీ నేను కుర్చీ వెతుక్కుంటున్నాను, నీళ్ల సీసా పట్టుకుంటున్నాను, పాఠం త్వరగా ముగిస్తున్నాను. ఆ తప్పించుకోవడమే భయానికి మేత అని ఆయన వివరించారు. తప్పించుకున్న ప్రతిసారీ, ‘కుర్చీ ఉంది కాబట్టి బతికాను’ అని శరీరం నేర్చుకుంటుంది. కాబట్టి కుర్చీ తీసేసి, దడ వచ్చినా నిలబడి, అది పెరిగి మళ్లీ తనంతట తానే దిగిపోవడం చూడాలి. మొదటి వారం ఐదు నిమిషాలు, తర్వాత పది, తర్వాత గంట.

సాహిత్య విద్యార్థులు ఆ మూడు గడుల పద్ధతిని శ్రద్ధగా చూడాలి. కథలో కథకుడు చెప్పిన ప్రతిదీ నిజమని మనం నమ్మం. సంఘటన ఏది, కథకుడు దాని మీద పూసిన రంగు ఏది అని విడదీసి చూస్తాం. భయపడే మనసు కూడా నమ్మరాని కథకుడే. మాటల చికిత్స రోగికి నేర్పేది తన కథను తానే విమర్శకుడిలా చదవడం. ఇది తెలిసిన తర్వాత ‘అల్పజీవి’ని మళ్లీ తెరిస్తే, రావిశాస్త్రి శిల్పం ఇంకో కోణంలో కనిపిస్తుంది. సుబ్బయ్య మనసు చెప్పే మాటకు, బయట జరుగుతున్నదానికి మధ్య ఉన్న ఎడాన్ని ఆయన అడుగడుగునా పాఠకుడికి చూపిస్తూ పోతాడు. ఎదురొచ్చిన మనిషి చూపులో సుబ్బయ్య చదువుకునే తిరస్కారం ఒకటి, ఆ చూపులో నిజంగా ఉన్నది ఇంకొకటి. ఆ ఎడం సుబ్బయ్యకు కనిపించదు. మనకు కనిపిస్తుంది. మాటల చికిత్స పని ఆ ఎడాన్ని సుబ్బయ్యకే చూపించడం.

*

ఇక్కడ మన పక్షం నుంచి వచ్చే అభ్యంతరం ఒకటి ఉంది. అది బలమైనదే. సుబ్బయ్య భయమంతా ఊహ కాదు. బావమరిది ఒత్తిడికి లొంగి కంట్రాక్టరు గవరయ్య దగ్గర అతడు అప్పు తెచ్చాడు. ఆ అప్పు నిజం. గవరయ్య కండబలం, డబ్బు బలం నిజం. భయపడడానికి కారణం ఉన్న మనిషిని కూర్చోబెట్టి, ‘నీ ఆలోచన మార్చుకో’ అని చెప్పే వైద్యం ఎవరికి మేలు చేస్తుంది? గవరయ్యకే కదా? పన్నెండు గంటలు పని చేయించుకునే కంపెనీ, పని గంటలు తగ్గించకుండా ఉద్యోగులకు శనివారం నాడు ‘ఒత్తిడి తట్టుకునే శిక్షణ’ ఇప్పించడం మనం చూస్తున్నాం. వైద్యం మనిషిని అన్యాయానికి సర్దుకుపోయేటట్లు చేసే పనిముట్టు కావచ్చు. దీన్ని కొట్టిపారేయలేం.

కాని ఈ అభ్యంతరం చెడ్డ వైద్యం మీద పనిచేసినంతగా మంచి వైద్యం మీద పనిచేయదు. మంచి వైద్యుడు సుబ్బయ్య నోటుబుక్కులోని మూడో గడిని నిజాయితీగా నింపిస్తాడు. గవరయ్యకు డబ్బు బాకీ ఉన్నావు - సాక్ష్యం ఉంది, ఇది నిజం. గవరయ్య నిన్ను ఇబ్బంది పెట్టగలడు - ఇదీ నిజం, దీనికి వకీలు కావాలో, తోటి గుమాస్తాల సంఘం కావాలో ఆలోచించు. అప్పు పడ్డావు కాబట్టి నువ్వు మనిషివే కాకుండా పోయావు, వీధిలో ప్రతివాడూ నిన్ను చూసి నవ్వుతున్నాడు - దీనికి సాక్ష్యం లేదు. ఇలా విడదీసినప్పుడే అసలు శత్రువు ఎవరో తేటపడుతుంది. అందరికీ భయపడేవాడు గవరయ్యను విడిగా చూడలేడు. గుండెదడతో ఇంటి గుమ్మం దాటలేనివాడు సంఘం మీటింగుకు రాలేడు. మనిషి భయాన్ని తగ్గించడం వల్ల అన్యాయం మీద అతని కోపం తగ్గుతుందనుకోవడానికి ఆధారం ఏమీ లేదు.

దీనికి మన ముందు ఒక జీవితమే ఉదాహరణగా ఉంది. ఫ్రాంజ్ ఫానన్‌ను వలస వ్యతిరేక పోరాట సిద్ధాంతకర్తగా మనం చదువుకున్నాం. ఆయన వృత్తిరీత్యా మనోవైద్యుడన్న సంగతిని ఒక వాక్యంలో చెప్పి దాటిపోతాం. 1953లో ఆల్జీరియాలోని బ్లీదా ఆసుపత్రిలో చేరాడు. మనిషిని అడుగడుగునా అవమానించే పాలన కింద ఉంటూ ఆ మనుషులకు మనసు నయం చేస్తానని చెప్పుకోవడం అబద్ధమని తేల్చుకుని 1956లో రాజీనామా ఇచ్చాడు. మన వ్యాసాల్లో కథ ఇక్కడితో ఆగుతుంది. నిజానికి దేశం వదిలి ట్యునీషియా చేరి, విమోచనోద్యమంలో పనిచేస్తూనే ఆయన మళ్లీ ఆసుపత్రిలో రోగులను చూశాడు. పగలు వచ్చి చికిత్స తీసుకుని సాయంత్రం ఇంటికి పోయే విభాగాన్ని నడిపాడు. 1961లో వచ్చిన ఆయన చివరి పుస్తకంలో ఒక అధ్యాయం పూర్తిగా రోగుల కేసు వివరాలే. హింస అనుభవించిన ఆల్జీరియన్లు అందులో ఉన్నారు. హింసించిన ఫ్రెంచి పోలీసు కూడా ఉన్నాడు. వ్యవస్థను కూలదోయాలని ఆయనకు చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు. అది కూలేదాకా రోగిని నిద్ర లేకుండా ఉండమని మాత్రం ఆయన అనలేదు.

ఫానన్ నుంచి మనం నేర్చుకోవలసింది మరొకటి ఉంది. బ్లీదాలో ఐరోపా స్త్రీలకు పనిచేసిన సామూహిక చికిత్స పద్ధతులు ముస్లిం పురుషుల విభాగంలో పనిచేయలేదు. ఆయనకు వాళ్ల భాష రాదు. దుబాసీల ద్వారా మాట్లాడేవాడు. లోపం రోగుల్లో లేదని, తాము తెచ్చిన పద్ధతికి వాళ్ల జీవితంతో సంబంధం లేదని ఆయన, ఆయన సహచరుడు గుర్తించారు. తర్వాత ఆసుపత్రిలోనే వాళ్లకు అలవాటైన కాఫీ హోటలు పెట్టించారు, వాళ్ల పండుగలు జరిపించారు.

*

రచయితలకు నేరుగా సంబంధించిన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. నేను కూర్చున్న ఆ ఆసుపత్రి వరండాలో నా పక్కన ఒక ముసలమ్మ ఉంది. తనకు ఏం బాధో నాకు చెప్పింది. ‘గుండెల్లో గుబగుబమంటది నాయనా, ఎవరో ఎనకనించి వస్తన్నట్టుంటది, అన్నం ముద్ద దిగదు.’ లోపలికి పిలిచాక ఆమె ఇవేవీ చెప్పలేదు. డాక్టరు ‘యాంగ్జయిటీ ఎప్పటినుంచి?’ అని అడిగారు. ఆమె ‘బలం లేదయ్యా’ అంది. బలానికి మందు రాసిచ్చారు. ఆ డాక్టరు చెడ్డవాడు కాదు. బయట అరవైమంది వరుసలో ఉన్నారు. ఆయన చదివిన పుస్తకాల్లో గుబగుబ లేదు, ఆమె బతుకులో యాంగ్జయిటీ లేదు. ఇద్దరి మధ్య ఒక మాట కావాలి. ఆ మాట ఇవ్వవలసింది ఎవరు?

తెలుగులో ఆ మాటలకు కరువు లేదు. బెంగ, దిగులు, గుబులు, ఆదుర్దా, బెదురు, జడుపు, దడ - ఒక్కొక్కటి ఒక్కో తీరు బాధ. దూరమైనవాళ్ల కోసం బెంగ పెట్టుకుంటాం. కబురు రాకపోతే ఆదుర్దా పడతాం. రాత్రి ఏదో చూసి పిల్లవాడు జడుసుకుంటాడు. కారణం కనబడకుండానే గుబులు పుడుతుంది. జడుపుకు తాయెత్తు కట్టించే జనం, గుబులు కూడా బయటికి చెప్పుకోదగ్గ బాధేనని ఒప్పుకున్నవాళ్లే. ఆసుపత్రి కాగితాల్లో మాత్రం వీటన్నిటికీ కలిపి ‘ఆందోళన’ అన్న ఒక్క మాట ఉంటుంది. మన పేపర్లలో ఆందోళన అంటే ధర్నా కూడా.

జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మనోవైద్యుడు 2006లో మొదలుపెట్టిన పని ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగ్గది. దేశం మొత్తానికి మనోవైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆయన పేటల్లోని ఆరోగ్య కార్యకర్తలకు, ఎక్కువగా అమ్మమ్మల వయసు స్త్రీలకు, శిక్షణ ఇచ్చి ఆసుపత్రి ఆవరణలో చెక్కబెంచీ మీద కూర్చోబెట్టాడు. దాని పేరే స్నేహపు బెంచీ. అక్కడ వాళ్లు ఇంగ్లీషు రోగం పేరు వాడరు. షోనా భాషలో జనం అనుకునే ‘కుఫుంగిసిసా’ అన్న మాట వాడతారు. అతిగా ఆలోచించడం అని దాని అర్థం. ఎదుటి మనిషికి ఉన్న కష్టాల్లోంచి ఒకదాన్ని ఎంచుకుని దానికి దారి వెతకడమే అక్కడి చికిత్స. ఆ కష్టం అప్పు కావచ్చు, తాగుబోతు మొగుడు కావచ్చు. దీనివల్ల రోగులకు గుణం కనిపించిందని 2016లో వెలువడిన అధ్యయనం చూపింది. మన దేశంలో గోవాలో డాక్టరు కాని కౌన్సెలర్లతో జరిపిన ప్రయోగం ఫలితాలు 2010లో వచ్చాయి. ఇలాంటి పని ఎక్కువగా మాట మీద నడుస్తుంది. మాట గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లం అని చెప్పుకునే మనం ఆ పనికి దూరంగా ఉండడం విచిత్రం.

ఇక వాస్తవ పరిస్థితి చూడండి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. 1996 నుంచి దాన్ని జిల్లాలకు విస్తరిస్తూ వచ్చారు. అయినా 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, ఆదుర్దా, కుంగుబాటు వంటి సాధారణ మానసిక రుగ్మతలు ఉన్నవాళ్లలో నూటికి సుమారు 85 మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. 2017 చట్టం మానసిక వైద్యం పొందడాన్ని ప్రతి మనిషి హక్కుగా ప్రకటించింది. శరీర వ్యాధులతో సమానంగా వీటికీ బీమా ఇవ్వాలన్నది. అది 2018 మే నుంచి అమల్లో ఉంది. 2022 అక్టోబరులో టెలి మానస్ మొదలైంది. 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా, ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడవచ్చు. ఇవన్నీ పోరాడి నిలబెట్టుకోవలసిన హక్కులు. రైతు బీమా గురించి, ఉపాధి కూలి గురించి రాసే మన పత్రికల్లో ఈ హక్కు గురించి ఎన్ని కథలు వచ్చాయి?

2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో గందరగోళం జరిగిన తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పిల్లలను మార్కుల యంత్రాలుగా మార్చిన విద్యావ్యాపారం మీద మనం రాయడం న్యాయమే. అక్కడ దోషి వ్యవస్థే. కాని ఫలితాలు వచ్చిన ఆ రాత్రికి, మర్నాటి ఉదయానికి మధ్య ఆ పిల్లలకు కావలసింది తమ గుబులు విని అర్థం చేసుకోగల ఒక మనిషి. వ్యవస్థ మీద పోరాటం ఆ ఒక్క రాత్రిలో పూర్తి కాదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో తీర్పు చెబుతూ, వంద, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలన్నీ అర్హత గల కౌన్సెలర్‌ను పెట్టాలని సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. అది కాగితం మీద మిగలకుండా చూడడం విద్యార్థి సంఘాల పని. ఆ కౌన్సెలర్ గదిలోకి అడుగు పెట్టడం సిగ్గుపడే పని కాదని పిల్లలకు తెలియజేయడంలో సాహిత్యానికీ వాటా ఉంది.

అలాగని చికిత్సను ప్రచార కరపత్రంగా రాయమని నేను అడగడం లేదు. డాక్టరు దేవుడై, రోగి చివరి పేజీలో నవ్వుతూ బయటికొచ్చే కథలు మనకు అక్కర్లేదు. నేను కోరేది వాస్తవికత. ఆసుపత్రికి రావడానికి కూలి పోగొట్టుకున్న మనిషిని రాయండి. ప్రైవేటు కౌన్సెలర్ గంటకు అడిగే డబ్బు ఎన్ని రోజుల కూలో లెక్కవేసుకుని వెనక్కి తిరిగిన మనిషిని రాయండి. మందు చీటీని మొగుడికి కనబడకుండా బియ్యం డబ్బాలో దాచుకున్న ఇల్లాలిని, పెళ్లి సంబంధం చెడుతుందని కూతుర్ని పక్క జిల్లాకు తీసుకెళ్లి చూపించే తండ్రిని, ఏ బాధ ఉన్నదో చెప్పడానికి మాట దొరకక ‘బలం లేదు’ అన్న ముసలమ్మను రాయండి. మూడు నెలలకు సగం తగ్గి, ఆ సగంతోనే మళ్లీ పనిలోకి వెళ్లిన మనిషిని రాయండి. సగం తగ్గడం నవలకు మంచి ముగింపు కాకపోవచ్చు. బతుకులో మాత్రం అది పెద్ద మార్పు.

విమర్శకులు ఇకమీద భయపడే పాత్ర ఎదురైనప్పుడు, ఈ భయం ఏ సమాజంలోంచి పుట్టింది అన్న పాత ప్రశ్నను తప్పకుండా వేయాలి. దాన్ని వదులుకోమని నేను అనను. దానితోపాటు ఇంకొన్ని ప్రశ్నలు వేయాలి. ఈ మనిషికి దగ్గర్లో వైద్యం ఉందా? ఉంటే ఎందుకు వెళ్లలేదు? వెళితే అక్కడ ఏ భాషలో మాట్లాడారు? ఎంత ఖర్చయింది, ఎవరు పెట్టారు? రచయిత వీటికి జవాబు రాయనక్కర్లేదు గాని, రాసేముందు తెలుసుకుని ఉండాలి. వచ్చే ఏడాది సంకలనాలకు కథలు ఎంచుకునేవాళ్లు ఈ ప్రశ్నలను కూడా పక్కన పెట్టుకుని చదవాలని నా మనవి.